ఇళ్ల మధ్య సీసం విషం

నెల్లూరులో ఇళ్ల మధ్యనే పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగిస్తున్నా ఆపేవారు లేరు. మా వీధి చివరి కొట్టులో కుర్రవాళ్లు గ్లౌజులైనా లేకుండా యాసిడ్‌ను మురుగు కాలువలోకి వంపుతారు. సీసం దుమ్ము పట్టిన చొక్కాలతోనే ఇంటికి వెళ్లి పిల్లలను ఎత్తుకుంటారు. పెద్దలకంటే పిల్లల ఒంటికి సీసం నాలుగైదు రెట్లు ఎక్కువగా పడుతుంది. కడుపునొప్పి, మలబద్ధకం, పాలిపోవడం, చదువులో వెనకబడటం కనిపిస్తే నులిపురుగులనో రక్తహీనత అనో మాత్రలిచ్చి పంపేస్తే అసలు రోగం దాగిపోతుంది. రక్తపరీక్షలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములకు చేరితే చాలు, అది ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. పిల్లల్లో 45కు చేరితే సీసాన్ని బయటకు పంపే మందులు ఇవ్వాలి; కానీ ఇంట్లోకి అదే దుమ్ము వస్తుంటే ఆ మేలు నిలవదు. 2020 డిసెంబరులో ఏలూరులో అంతుచిక్కని జబ్బుతో ఆసుపత్రిలో చేరిన రోగుల రక్తంలో సీసం, నికెల్ బయటపడినప్పుడే మనం మేలుకోవలసింది. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్ష ఉచితంగా, ముందుగా ఈ పనివారి పిల్లలకు చేయాలి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు నమోదైన కేంద్రాలకే చేరేలా నగరపాలక సంస్థ, కాలుష్య నియంత్రణ మండలి కలిసి ఈ కొట్లను తనిఖీ చేయాలి.

— ఒక పాఠకురాలు, నెల్లూరు