పప్పుచారు, ఫోన్ కాల్, మూడు డబ్బాలు: తల్లిదండ్రులకి హెచ్‌ఎం ఉత్తరం

తల్లిదండ్రులందరికీ నమస్కారమండి,

పదిరోజులుగా ఊళ్ళో ఒకటే మాట, "స్కూల్ మీద ఎవరో కంప్లయింట్ పెట్టారంట, ఎంఈఓ (మండల విద్యాధికారి) గారు వచ్చారంట" అని. టీకొట్టు దగ్గర్నుంచి వాట్సాప్ గ్రూపు దాకా ఎవరికి తోచిన పేరు వాళ్ళు చెప్పేస్తున్నారు, అందుకే జరిగింది నేనే రాసేస్తున్నా. కంప్లయింట్ ఎవరూ పెట్టలేదు. మీలో కొంతమందికి ఐవీఆర్‌ఎస్ కాల్, అంటే రికార్డు చేసిన గొంతుతో వచ్చే కాల్, వచ్చింది, స్కూల్లో మధ్యాహ్న భోజనం బాగుంటే 1 నొక్కండి, బాగోకపోతే 2 నొక్కండి అని. 2 నొక్కినవాళ్ళు ఎక్కువయ్యారు. ఎంఈఓ గారు వచ్చి పిల్లల పక్కన కూర్చుని తిని, వంటగది చూసి వెళ్ళారు. అంతే సంగతి.

ఎవరు నొక్కారో నేను వెతకట్లేదు, వెతకను కూడా. నిజంగా బాగోలేదనిపించి నొక్కినవాళ్ళకి థాంక్స్ చెప్తున్నా. కానీ ఒకమ్మ వచ్చి "మేడం, ఆ టైంలో ఫోన్ మావాడి చేతిలో ఉంది, గేమ్ మధ్యలో కాల్ వచ్చిందని విసుక్కుని ఏదో నొక్కేశాడు" అన్నారు. ఇంకొకాయన లోన్ వాళ్ళ కాల్ అనుకుని కట్ చేశారట. సరే అని మా రిజిస్టర్లో ఉన్న నంబర్లకి మేమే చేసి చూస్తే ఎనిమిదో తరగతి ఒక్క సెక్షన్లోనే పదకొండు నంబర్లు పనిచెయ్యట్లేదు. ఏదో ఆఫర్ ఉందని సిమ్ మార్చేస్తారు, మాకు మాత్రం చెప్పరు. రేపు పిల్లాడికి క్లాసులో జ్వరమొస్తే నేనెవరికి చెయ్యాలండీ ఫోన్?

ఇప్పుడు అసలు విషయం. 2 నొక్కితే బాగోలేదని తెలుస్తుంది గానీ ఏం బాగోలేదో తెలీదు కదా. ఉప్పా, అన్నమా, గుడ్డా? మేం రోజూ భోజనం ఫోటోలు యాప్‌లో పెడుతూనే ఉన్నాం, ఫోటోలో పప్పుచారు చిక్కగా ఉందో నీళ్ళలా ఉందో కనపడదు. దీన్ని తేల్చింది నేనూ కాదు, ఎంఈఓ గారూ కాదు, మన తొమ్మిదో తరగతి అమ్మాయిలు ముగ్గురు. పేర్లు రాస్తే మిగతావాళ్ళు అలుగుతారని రాయట్లేదు, ఎవరో మీకందరికీ తెలుసు.

వాళ్ళలో ఒకమ్మాయి మోకాళ్ళ నొప్పులని వాళ్ళ నాయనమ్మని టౌన్లో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ గోడ మీద క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేసి, నాయనమ్మ పేరుమీద అభా నంబర్ (ఆరోగ్య గుర్తింపు నంబర్) తీసి, లైన్లో నిలబడకుండానే ఓపీ టోకెన్ తెచ్చుకుంది. తర్వాత ఆసుపత్రి సేవలు ఎలా ఉన్నాయని మెసేజ్ వస్తే, మందుల కౌంటర్ దగ్గర ముసలివాళ్ళు కూర్చోడానికి బెంచీ లేదని రాసి పంపింది. తర్వాతి నెల వెళ్తే బెంచీ ఉంది! "నేను రాసినందుకే వేశారో లేదో తెలీదు మేడం, కానీ వేశారు" అంది. తర్వాత ఆ పిల్లే ఇంకో మాట అంది, "బటన్ ఫోన్ వాళ్ళు పొద్దుట్నుంచీ లైన్లోనే ఉన్నారు మేడం, వాళ్ళనెవరూ ఏమీ అడగలేదు." నాకు రెండ్రోజులు ఆ మాటే చెవిలో తిరిగింది.

అందుకే స్కూల్లో భోజనం ఎలా ఉందో అడగడానికి ఫోన్ వాడలేదు వీళ్ళు. వంటగది బయట మూడు పాత డబ్బాలు పెట్టారు, బాగుంది, పర్లేదు, బాలేదు అని. తిన్న ప్రతివాళ్ళూ ఒక చింతపిక్క వెయ్యాలి. ఒక్కో క్లాసు తినగానే డబ్బాలు ఖాళీ చేసి, పిక్కలు లెక్కపెట్టి, సాయంత్రం ల్యాబ్‌లో కంప్యూటర్లో ఎక్కించారు. వారం తిరిగేసరికి తేలిందేంటంటే, పప్పుచారు రోజున ఆరో తరగతి పిక్కలన్నీ "బాలేదు"లో, పదో తరగతివి "బాగుంది"లో! వంట అక్కలు మొదట నొచ్చుకున్నారు, ఒకటే గిన్నె కదమ్మా అని. పిల్లలు వెళ్ళి నిలబడి చూశారు. చిన్నవాళ్ళకి ముందు వడ్డిస్తారు, గరిటె అడుగుదాకా వెళ్ళట్లేదు, పైన తేరిన నీళ్ళు వీళ్ళకి, అడుగున పప్పంతా పెద్దవాళ్ళకి. పొడుగుకాడ గరిటె ఒకటి కొన్నాం. కలిపి వడ్డిస్తున్నారు.

నేనెప్పుడూ మొత్తుకునేది ఇదేనండి. వాడుకునేవాళ్ళని అడగాలి, వాళ్ళు చెప్పింది సరిచెయ్యాలి. 2018లో తెలంగాణలో రైతుబంధు చెక్కులు పంచినప్పుడు, చెక్కు అందిందా లేదా అని రైతులకే ఫోన్ చేసి అడుగుతామని కొన్ని మండలాల అధికారులకి ముందే చెప్పారు, ఆ మాట చెప్పినచోట చెక్కులు మెరుగ్గా అందాయని ఆర్థికవేత్తలు లెక్కకట్టి చూపించారు. పెద్ద ఖర్చేం లేదు, ఫోన్ కాల్స్ అంతే. ఆసుపత్రుల్లో రోగుల అభిప్రాయం అడగడానికి కేంద్రం 2016లోనే మేరా అస్పతాల్ మొదలుపెట్టింది. బడి విషయంలో అయితే విద్యాహక్కు చట్టమే చెప్పింది, యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగంమంది ఆడవాళ్ళు ఉండాలని. చట్టం ఇంత ఇస్తే మన పోయిన మీటింగుకి వచ్చింది ఆరుగురు, అందులో ఇద్దరు టీ అయ్యాక లేచారు. గ్రూపులో మాత్రం రాత్రి పదకొండింటికి నలభై మెసేజులు!

ఇంకా, ఆధార్ బయోమెట్రిక్ అప్‌డేట్ కానివాళ్ళు త్వరగా చేయించండి, ఎనిమిదో తరగతివాళ్ళు ఎన్‌ఎంఎంఎస్ (కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష) స్టడీ అవర్‌కి తప్పక పంపండి (స్కాలర్‌షిప్ వస్తే ఏడాదికి 12,000 రూపాయలు), సర్టిఫికెట్లకి మీసేవ చుట్టూ తిరిగేముందు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సేవలందించే మన మిత్ర వాట్సాప్ నంబర్ 9552300009 ఒకసారి చూడండి.

ఒక్కటి మాత్రం కాస్త గట్టిగా చెప్తున్నా, ఏమనుకోవద్దు. ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయిన పిల్లలు ఈ నెలలో నలుగురు. పొద్దున్నే ఏం తిన్నావమ్మా అంటే టీ, బిస్కెట్. రాత్రి ఎన్నింటికి పడుకున్నావంటే నవ్వుతారు. చింతపిక్కల డబ్బాలు మీ ఇంట్లో కూడా పెట్టమంటామని ఆ ముగ్గురూ అంటున్నారు, నేనైతే ఆపను.

మారిన నంబర్లు శనివారం లోపు క్లాస్ టీచర్‌కి రాసివ్వండి. రాసిచ్చేది మీరే అయ్యుండాలి, పిల్లల చేత రాయించొద్దు.

మీ
హెచ్‌ఎం మేడం