బ్యారన్ సీజన్‌లో తెల్లవారుజామున ఆరాధన పెట్టండి

సంపాదకులు గారికి,

పచ్చి పొగాకును మంట సెగతో ఆరబెట్టే గదులు, అంటే బ్యారన్లు, వెలిగే నెలల్లో మా వైపు ఊళ్లలో ఆదివారం చర్చికి వచ్చేవాళ్లు బాగా తగ్గిపోతారు. జనంలో భక్తి తగ్గిందని పెద్దలు కొందరు బాధపడుతుంటారు. ఆ మాట నాకు కష్టంగా ఉంటుంది. రానివాళ్లలో చాలామంది ఆ వేళకు బ్యారన్ దగ్గరో, ఆరిన ఆకును రకాలుగా వేరుచేసే గ్రేడింగ్‌లోనో ఉంటారు.

పచ్చాకు బ్యారన్‌కు ఎక్కించాక ఆరేడు రోజులు మంట ఆగకూడదు. ఆకు పసుపు తిరిగేదాకా సన్నని సెగ, తర్వాత కాస్త కాస్త పెంచుకుంటూ పోయి ఈనె ఎండేదాకా పెద్ద మంట. మధ్యలో కునుకు పట్టి వేడి తప్పిందంటే ఆకు రంగు పోతుంది, వేలంలో ధర పడిపోతుంది. మా ఆయన రాత్రుళ్లు అక్కడే ఉంటారు. నేను పొద్దున్నే గ్రేడింగ్‌కి వెళ్లి పొద్దుగూకాక వస్తాను. పెద్దవాడిది పదో తరగతి. మా అత్తమ్మకు చూపు సరిగా ఆనదు.

అయినా మా ఇంట్లో కుటుంబ ప్రార్థన మానలేదు. అన్నాలు తినడం అవగానే, కంచాలు తియ్యకముందే పాప బైబిలు తెచ్చుకుని కూర్చుంటుంది. కంచాలు తీశామంటే ఎవరి పనిలో వాళ్లు పడతారు, ఇక దొరకరు. పాప ఒక కీర్తన చదువుతుంది. ఎక్కడైనా తడబడితే చదువు రాని మా అత్తమ్మ ఆ మాట అందిస్తుంది. ఏళ్ల తరబడి వినీ వినీ ఆమెకు కంఠతా వచ్చేశాయి. మా ఆయనకు ఫోన్ చేసి స్పీకర్ పెడతాం. అటు కట్టెలు చిటపటమంటుంటాయి. ఒక్కోసారి "ఉండండి, థర్మామీటర్ చూసొస్తా" అంటారు. మేం ఆగుతాం. ఆయన వచ్చాకే ఆమేన్ చెబుతాం. మహా అయితే పావుగంట. పరీక్షల టెన్షన్ గురించి పెద్దవాడు మాతో ఎన్నడూ నోరు విప్పడు. ప్రార్థనలో దేవునితో చెప్పుకుంటాడు, అప్పుడే మాకూ తెలుస్తుంది. ఆ పావుగంట లేకపోతే నా కొడుకు మనసులో ఏముందో నాకు తెలిసేది కాదు.

ప్రసంగాలు యూట్యూబ్‌లో వింటున్నాం కదా, అది చాలదా అని నాతో పనిచేసే ఆడవాళ్లు అడుగుతారు. మంచం పట్టినవాళ్లకు అది గొప్ప మేలే. కానీ ప్రభు సంస్కారంలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభు బల్ల దగ్గర పక్కన కూర్చున్న అక్క నా చెయ్యి పట్టుకుని "మీ పిల్లాడి కోసం ప్రార్థిస్తున్నా" అనడం ఫోన్‌లో దొరకదు. ఇంట్లో ప్రార్థన చేసుకుంటున్నాం, ఇక చర్చికి పోకపోయినా పర్వాలేదని కూడా నేను అనను. సంఘంతో కలిసి పాడి చాలా వారాలైతే ఇంట్లో ప్రార్థన కూడా చప్పబడుతుంది. ఇది నా అనుభవం.

అందుకే పాస్టరుగార్లకు నా మనవి. బ్యారన్లు వెలిగిన దగ్గర్నుంచి ఆరేదాకా, మామూలు ఆరాధన మామూలుగానే ఉంచి, ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు గంటసేపు మరొకటి పెట్టండి. నెలకోసారైనా అందులో ప్రభు సంస్కారం ఇవ్వండి. పదిమందే వస్తారేమో అని వెనకాడవద్దు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ప్రార్థన చేసింది నెల్లూరు మిషనరీలు జూయెట్ దంపతులు, తెలుగు విశ్వాసులు ముగ్గురు, అంతా కలిపి ఐదుగురే. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని దేవుణ్ణి అడిగారు. 1866లో క్లౌ దొరగారు వచ్చారు. ఆయన రోజుల్లోనే, 1878లో, గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ప్రైవేటు స్కూళ్ల వారికీ ఒక మాట. పదో తరగతి పిల్లలకు ఆదివారం స్టడీ అవర్లు పెట్టేటప్పుడు మధ్యాహ్నం నుంచి పెట్టండి.

ఆ గంటసేపు మంట చూసుకోవడం ఎలా అని మీరు అడగవచ్చు. పక్క బ్యారన్ వాళ్లతో వారానికొకరు చొప్పున వంతులు వేసుకుంటాం, ఆ ఏర్పాటు మాది. సంఘ పెద్దలు వచ్చే సీజన్‌కు ముందే, నారు పోసే రోజుల్లోనే కూర్చుని ఈ వేళల సంగతి తేల్చాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
టంగుటూరు మండలం, ప్రకాశం జిల్లా