ట్రక్కు కొనేముందు లీజు కాగితం చదవండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో సొంత ట్రక్కు కొనుక్కుని ఎక్స్‌పెడైటెడ్ సరుకు తోలదామని చూస్తున్న మనవాళ్ల కోసం ఈ ఉత్తరం. ‘మైలుకు ఇంత, వారానికి ఇన్ని మైళ్లు’ అని లెక్క కట్టి ఆశపెట్టే ప్రకటనలు కనిపిస్తున్నాయి. ఆ లెక్కే తప్పు.

ఎక్స్‌పెడైటెడ్ అంటే అర్జెంటు సరుకు. కార్ల ఫ్యాక్టరీలో ఒక విడిభాగం నిండుకుని లైను ఆగిపోయేలా ఉంటే, రెండు ప్యాలెట్ల (సరుకు పేర్చే చెక్క పలకల) సరుకు కోసం బండి మొత్తం మాట్లాడుకుంటారు. దారిలో గోదాములో దించడం, ఇంకొకరి సరుకు కలపడం ఉండవు. కిరాయి ఎక్కువ ఉండేది అందుకే. తర్వాతి లోడు ఎప్పుడు, ఎక్కడి నుంచి వస్తుందో తెలియనిదీ అందుకే.

ఉదాహరణకు స్ట్రెయిట్ ట్రక్కుకు (క్యాబిన్, సరుకు పెట్టె ఒకే చట్రం మీద ఉండే బండికి) 500 మైళ్ల లోడు, మైలుకు 1.60 డాలర్లు అనుకుందాం. 800 డాలర్లు వచ్చాయి. కానీ సరుకు ఎత్తుకోవడానికి 130 మైళ్లు ఖాళీగా వెళ్లాలి. దించాక లోడ్లు దొరికే ఊరికి చేరడానికి ఇంకో 170. మొత్తం 800 మైళ్లు, అంటే మైలుకు ఒక్క డాలరు. గ్యాలనుకు 9 మైళ్లిచ్చే బండి, 4 డాలర్ల డీజిల్ అయితే 356 ఇంధనానికే పోతాయి. మిగిలిన 444లోంచే బండి కిస్తీ, ఇన్సూరెన్సు, టైర్లు, రిపేర్లు, పన్ను. తర్వాతి లోడు కోసం రెండు రోజులు ఆగితే ఆ 444 మూడు రోజుల సంపాదన. ఫ్లోరిడా లాంటి చోటికి మంచి రేటు కనపడగానే ఎగబడకూడదు. అక్కడికి వెళ్లే సరుకే ఎక్కువ, బయటికొచ్చేది తక్కువ. జులై మొదట్లో, డిసెంబరు చివర్లో కార్ల ఫ్యాక్టరీలు మూసినప్పుడు పని పలచబడుతుంది. కిస్తీ మాత్రం ఆగదు.

బండి ఎంపికలో మొదట చూడాల్సింది డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరు. అందులో జీవీడబ్ల్యూఆర్ (సరుకుతో సహా బండికి అనుమతించిన గరిష్ఠ బరువు) 10,001 పౌండ్లు లేదా అంతకు మించి ఉంటే రాష్ట్రాలు దాటే పనికి మెడికల్ సర్టిఫికెట్, డ్రైవింగ్ గంటల నిబంధనలు వర్తిస్తాయి. 26,001 నుంచి సీడీఎల్, అంటే కమర్షియల్ డ్రైవింగ్ లైసెన్సు, కావాలి. చిన్న వ్యాన్‌కు ఈ బెడద తక్కువే గానీ, ఎవరైనా కొనగలిగేది కాబట్టి పోటీ విపరీతం. 26,000 పౌండ్ల ట్రక్కు మధ్యేమార్గంలా కనిపిస్తుంది. దానికి పెద్ద స్లీపరు (పడుకునే గది), లిఫ్ట్‌గేటు (సరుకు ఎత్తి దించే వెనక పలక) పెట్టించాక సరుకుకు మిగిలే బరువెంతో అమ్మేవాడి నోటిమాట నమ్మొద్దు. ట్యాంకు నింపి, సామాను పెట్టి, ఇద్దరు డ్రైవర్లను కూర్చోబెట్టి కాటా వేయించండి. ఆ అంకెను 26,000లోంచి తీసేస్తే నిజం తెలుస్తుంది. 22 అడుగుల పెట్టెలో 48×40 అంగుళాల ప్యాలెట్లు పన్నెండు పడతాయి, కానీ బరువు అంతకుముందే నిండిపోవచ్చు.

నా దృష్టిలో బండి కంటే ముఖ్యమైనది, లోడ్లు ఇచ్చే రవాణా కంపెనీకి (క్యారియర్‌కు) మన బండిని అప్పగిస్తూ చేసుకునే లీజు. కొత్తవాళ్లు బండి కొన్నాక క్యారియర్‌ని వెతుకుతారు. అది తలకిందుల పని. క్యారియర్‌కు ఏ సైజు, ఏ మోడలు, ఏ సామాను కావాలో ముందే అడగాలి. ఫెడరల్ నిబంధనల్లో 376వ భాగం ఓనర్ ఆపరేటర్‌కు, అంటే సొంత బండి నడుపుకునేవాడికి, కొన్ని హక్కులిచ్చింది. డెలివరీ కాగితాలు అందజేసిన 15 రోజుల్లోగా డబ్బివ్వాలి. కిరాయిలో శాతం చొప్పున ఇచ్చే ఒప్పందమైతే సరుకు పంపినవాళ్లకు వేసిన అసలు ఫ్రైట్ బిల్లు చూపించమని అడగొచ్చు. ఏయే కోతలు కోస్తారో, ఎలా లెక్కేస్తారో లీజులోనే రాయాలి. ఎస్క్రో (డిపాజిట్) కింద పట్టుకున్న సొమ్ముకు వడ్డీ కట్టాలి, లీజు ముగిసిన 45 రోజుల్లోగా లెక్క తేల్చి మిగిలింది తిరిగివ్వాలి. తమ దగ్గరే సామానో ఇన్సూరెన్సో కొనాలని షరతు పెట్టకూడదు. లీజులో ఈ మాటలు కనిపించకపోతే సంతకం వద్దు. డీజిల్ ఖర్చు కోసం కిరాయి మీద అదనంగా వసూలు చేసే డీజిల్ సర్‌చార్జి మీకు పూర్తిగా వస్తుందా, ఖాళీ మైళ్లకు ఏమైనా ఇస్తారా, లోడు కాదంటే ఏమవుతుంది అనేవి విడిగా అడగండి.

నిద్ర సంగతి ఏ ప్రకటనలోనూ ఉండదు. పది గంటల విశ్రాంతి తర్వాత 14 గంటల వ్యవధిలో 11 గంటలు నడపొచ్చన్నది నిబంధన. పొద్దున ఆరుకు లేచి రోజంతా లోడు కోసం పార్కింగులో కూర్చున్న మనిషికి రాత్రి పదికి ఆఫర్ వస్తుంది. కొద్ది నిమిషాల్లో అవుననో కాదనో చెప్పాలి. నడిపిన గంటలు నమోదయ్యే ఎలక్ట్రానిక్ లాగ్‌లో 11 గంటలూ అలాగే ఉంటాయి, మనిషిలో మాత్రం ఓపిక ఉండదు. లోడు లేని మధ్యాహ్నం కర్టెన్లు వేసుకుని నిద్రపోవడం ఈ వృత్తిలో పనిగంటల్లో భాగమే. పడుకోని రోజు ఆ ఆఫర్ వదిలేయాలి.

పాత బండి చవకని కొంటే ఎక్కువగా దెబ్బతీసేది పొగగొట్టం వైపు భాగం. గంటల తరబడి ఇంజిను ఖాళీగా ఆన్‌లో ఉంటే పొగలోని మసి, దాన్ని వడకట్టే డీపీఎఫ్ ఫిల్టర్లో పేరుకుంటుంది, ఆ మసిని కాల్చేసే రీజెన్ ప్రక్రియ సరిగా పూర్తికాదు, హెచ్చరిక లైటును పట్టించుకోకపోతే ఇంజిను పవర్ తగ్గించేస్తుంది. అర్జెంటు లోడుతో హైవే మీద నిలబడితే ఆ కిరాయీ పోతుంది, పేరూ పోతుంది. కొనేముందు రీజెన్ చరిత్రను కంప్యూటరు పెట్టించి చూడండి. చలికీ ఎండకీ ఇంజిను నడపకుండా ఏపీయూ (క్యాబిన్‌కు ఏసీ, హీటర్ నడిపే చిన్న విడి యంత్రం) ఉన్న బండి తీసుకోండి. మూడు నెలల కిస్తీలు, ఇన్సూరెన్సు, దానిపైన ఒక పెద్ద రిపేరుకు సరిపడా నగదు చేతిలో లేకపోతే, ఒక ఆరు నెలలు ఫ్లీట్ (పలు బండ్లున్న) యజమాని బండి నడపడం మేలు.

సరుకు కట్టడం కూడా అప్పుడే నేర్చుకోవచ్చు. పట్టీల మొత్తం వర్కింగ్ లోడ్ లిమిట్ (అవి భద్రంగా భరించగల బరువు) సరుకు బరువులో కనీసం సగం ఉండాలి. 1,000 పౌండ్ల లిమిట్ ఉన్న పట్టీలను 4,000 పౌండ్ల యంత్రం మీదుగా వేసి కడితే కనీసం రెండు కావాలి. చిరిగిన పట్టీని లెక్కలోకి తీసుకోవద్దు.

పన్ను ఎవరూ ముందే కోసుకోరు. స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం, దానిపైన ఆదాయపు పన్ను. ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, జనవరి 15 తేదీల్లో అంచనా కట్టి చెల్లించాలి. ఎఫ్-1, హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు సొంతంగా ట్రక్కు నడిపి సంపాదించడానికి అనుమతి లేదు. పక్కపనే కదా అని ఎవరు నచ్చజెప్పినా వినొద్దు, పోయేది వీసా.

సంపాదకులకు ఒక మనవి. ఇలాంటి ప్రకటనలు మీ దగ్గరికి వస్తే, అందులోని రేటు లోడు మైలుకా, మొత్తం మైళ్లకా అని అడిగి, ఆ జవాబు కూడా అచ్చువేయించండి.

ఇట్లు,
ఒక ఓనర్ ఆపరేటర్,
ఒహాయో