రాత్రి బండి పాట ఇంటి గుమ్మం దగ్గర ముగియకూడదు

సంపాదకులకు నమస్కారం.

జనవరి వస్తే రోడ్డు భద్రతా మాసోత్సవాలకు పాటలు రాయిస్తారు. అర్ధరాత్రి దాటాక ఒళ్లు హూనమై ఇంటికి బండి తోలుకొచ్చే మనిషి మీద ఎవరు పాట కట్టినా తరచూ ఒకే ముగింపు వస్తుంది: గుమ్మంలో దీపం, నిద్రపోని భార్య, నాన్న కోసం కాచుకున్న పాప. వింటే గుండె కరుగుతుంది. కానీ ఆ పాట డ్రైవర్‌కు చెప్పేది ‘ఇంకాస్త తొక్కు, వచ్చేశావు’ అనే. ఇంకో ఇరవై కిలోమీటర్లేగా అనుకున్నవాడు బండి ఆపడు. పాటలో ఇల్లు ఉండాలి, పిలవకూడదు. ఫోన్లో ఇంటావిడ ‘ఇప్పుడు రావద్దు, ఎక్కడైనా పడుకుని తెల్లారాక రండి’ అనాలి.

రెండో తప్పు బాణీలో. రాత్రి అనగానే మూడు మాత్రల (తాళంలో మూడేసి లెక్కల) ఉయ్యాల ఊపు, నీలాంబరి రాగం ఛాయలు పట్టుకొస్తారు. అవి జోలపాట సరుకు. అలాగని డీజే కొట్టుడూ వద్దు. హుషారు పాట పెట్టుకుంటే నిద్ర రాదన్న భ్రమకు అది ఊతమిస్తుంది. పాటైనా, దించిన అద్దమైనా, మొహాన కొట్టుకున్న చన్నీళ్లయినా కాసేపే.

ఈ విషయానికి ముత్యాల సరం అనే ఛందస్సు నడక బాగా కుదురుతుంది. తకిట, తకధిమి: మూడు, నాలుగు మాత్రలు. అడుగు సమంగా పడదు కాబట్టి అలసట వినబడుతుంది, ఊయల మాత్రం కాదు. ఒక చరణం ఇలా కట్టొచ్చు:

తెల్ల గీతే రెండు గీతలు
దాటి వచ్చిన ఊరు ఏదో
కళ్లు తెరిచే నిద్ర పడితే
ఆపు బండిని తమ్ముడా

మొదటి మూడు పాదాలకూ పద్నాలుగేసి మాత్రలు, చివరిదానికి పన్నెండు. ‘ప్రమాదం’, ‘అప్రమత్తత’ లాంటి మాటలు ఇందులో లేవు, అక్కర్లేదు కూడా. గీత రెండుగా కనబడటం, ఇప్పుడే దాటిన ఊరు గుర్తు రాకపోవడం, మెడ వాలి ఉలిక్కిపడటం, బండి లైను దాటి పక్కకు జరగడం: డ్రైవర్ తన ఒంట్లో పోల్చుకోగలిగే గుర్తులివి. ఉపదేశానికి తల ఊపి ఊరుకుంటాడు, గుర్తు చెబితే పట్టుకుంటాడు.

ఏడు మాత్రలను రెండు సెకన్లలో నడిపితే ఒక పాదానికి నాలుగు సెకన్లు పడుతుంది. కునుకు పట్టేది కూడా అలా కొన్ని సెకన్లే. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ నాలుగు సెకన్లకు బండి దాదాపు 89 మీటర్లు పోతుంది. కాబట్టి చరణాన్ని రెండోసారి పాడేటప్పుడు మూడో పాదాన్ని పాడకుండా వదిలేయాలి. డప్పు మాత్రం ఆగకూడదు. ఆ ఖాళీలో బండి ఎంత దూరం పోయిందో వినేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ‘ఆపు బండిని’ అని అందుకోవాలి.

‘ఆపు’ అని వదిలేస్తే సగం మాటే. ఎక్కడ ఆపాలో రెండో చరణం చెప్పాలి. హైవే అంచున చీకట్లో ఆగిన లారీని వెనకొచ్చే కారు గుద్దుతుంది. పెట్రోలు బంకు, దాబా హోటలు, లారీలు నిలిపే లేబై అయితే మేలు. అక్కడ టీ తాగి వెంటనే పడుకోవాలి. టీ పనిచేయడానికి అరగంట దాకా పడుతుంది, ఈలోగా ఇరవై నిమిషాల కునుకు అయిపోతుంది. అంతకు మించి పడుకుంటే లేచాక మబ్బుగా ఉంటుంది, తేరుకున్నాకే తాళం తిప్పాలి. కారులో పడుకునేవాళ్లు ఇంజను ఆపి అద్దం కాస్త దించుకోవాలి. ఏసీ కోసం ఇంజను నడుస్తుంటే పొగలోని విషవాయువు లోపలికి చేరవచ్చు. రాత్రి రెండు నుంచి ఐదు దాకా నిద్ర ముంచుకొచ్చే వేళ. అప్పుడు కునుకు కూడా చాలదు, ప్రయాణమే మానుకోవాలి.

ఓనరు మాట లేకుండా ఈ పాట రాయడం కూడా అన్యాయం. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఐదు గంటల పనికి మించకుండా కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనేది. ‘పొద్దున్నకల్లా లోడు దిగాలి’ అనే ఫోనుకు ఒక చరణం ఇవ్వండి, తప్పంతా స్టీరింగ్ పట్టినవాడి నెత్తిన రుద్దకండి.

రికార్డింగులో హారన్లు, సైరన్లు, బ్రేకుల కీచు పెట్టకండి. ఈ పాట బండిలో కూడా మోగుతుంది. నిజం హారన్ ఏదో పాట హారన్ ఏదో తేల్చుకునే తీరిక ఆ వేళ డ్రైవర్‌కు ఉండదు.

– ఒక పాఠకుడు, సూర్యాపేట