కార్డు కనిపించకపోతే బోర్డు పోయినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

ల్యాప్‌టాప్‌లో వైఫై ఉన్నట్టుండి ఆగిపోతే మదర్‌బోర్డు మార్పించుకోవాలని మీ సాంకేతిక శీర్షికలో ఒక పాఠకుడికి సలహా ఇచ్చారు. కళాశాల ప్రయోగశాలలో కంప్యూటర్ల మరమ్మతు చూసే ఉద్యోగిగా ఆ సలహాతో నేను ఏకీభవించలేను.

కొన్ని పలచటి మోడళ్లలో వైఫై చిప్పును బోర్డుకే అతికిస్తారు, వాటి సంగతి వేరు. మిగతా చాలావాటిలో అది విడిగా ఊడివచ్చే చిన్న కార్డు. ఛార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ విప్పిన తర్వాతే దానిమీద చేయి వేయాలి. స్క్రూ తీయగానే కార్డు ఒకవైపు పైకి లేస్తుంది. ఆ వాలులోనే బయటికి లాగాలి, మళ్లీ ఆ వాలులోనే దూర్చాలి. నిటారుగా నొక్కితే కార్డు కూర్చునే స్లాట్ దెబ్బతింటుంది. బంగారు రంగు అంచు మొత్తం లోపలికి వెళ్లిందో లేదో లైటు వేసుకుని చూడాలి.

జబ్బు ఎక్కడుందో లక్షణాలే చెబుతాయి. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో కార్డు పేరే లేకపోతే అది సరిగా కూర్చోలేదనో, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాం సెట్టింగుల్లో) ఆపేసి ఉందనో ముందు అనుమానించాలి. పేరుండి పసుపు గుర్తు కనిపిస్తే డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) సంగతి చూడాలి. అన్నీ బాగుండి పక్కనున్న రౌటర్ సిగ్నల్ కూడా అందకపోతే యాంటెన్నా తీగ ఊడి ఉండవచ్చు. అప్పటికీ తేలకపోతే అదే మోడల్ ల్యాప్‌టాప్ మరొకదానిలో ఆ కార్డు పెట్టి చూస్తే తప్పు కార్డుదో స్లాట్‌దో తెలిసిపోతుంది. ఇంత చూశాకే బోర్డు మాట ఎత్తాలి.

కొత్త కార్డు కొనేవారికి మరో చిక్కుంది. ఇంటెల్ ఏఎక్స్201, ఏఎక్స్210 కార్డులు చూపుకు కవలలే. మొదటిది దానికి తగిన ఇంటెల్ చిప్‌సెట్ (బోర్డు మీది నియంత్రణ చిప్పులు) ఉన్న యంత్రాల్లోనే పనిచేస్తుంది, రెండోది మామూలు పీసీఐ ఎక్స్‌ప్రెస్ (అదనపు కార్డులకు వాడే సాధారణ అనుసంధానం) స్లాట్‌లోనూ పనిచేస్తుంది. ఎం.2 ఎస్‌ఎస్‌డీల్లో (చిన్న కార్డు రూపంలోని నిల్వ పరికరాల్లో) సాటా, ఎన్‌వీఎంఈ రకాల తేడా కూడా ఇలాంటిదే, చూపుకు ఒకేలా ఉన్నా ఒకదాని స్లాట్‌లో మరొకటి పనిచేయకపోవచ్చు. 1995 నాటి కార్డ్‌బస్ కార్డును (ల్యాప్‌టాప్ పక్కన దూర్చే 32 బిట్ కార్డును) పాత 16 బిట్ స్లాట్‌లో దూరకుండా అంచునే వేరుగా మలిచారు. ఆ జాగ్రత్త ఇప్పుడెందుకు కరవైంది? ఏ స్లాట్ ఏ రకం కార్డు తీసుకుంటుందో బోర్డు మీద అచ్చువేయడం తయారీదారులకు భారమేమీ కాదు.

ఆ శీర్షికలో ఈ వివరాలతో సవరణ ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ప్రయోగశాల ఉద్యోగి