సెన్సర్ సున్నా చూపిస్తే నమ్మేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నీళ్ల ప్లాంటులో ఆటోమేటిక్ క్లోరిన్ సెన్సర్ బిగించారు, ఇక టెన్షన్ లేదు అన్న ధోరణిలో వార్తలు చదివినప్పుడల్లా ఒక మాట రాయాలనిపిస్తుంది. చాలా ఏళ్లుగా ఈ మీటర్ల దగ్గరే పని చేస్తున్నవాణ్ణి. సెన్సర్ బిగించడం ఒక పూట పని, దాన్ని చూసుకోవడం మాత్రం అది ఉన్నన్నాళ్లూ ఉండే పని, ఆ రెండోదాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఒకసారి ఏమైందంటే, ఓ ప్లాంటులో సెన్సరుకు నీళ్లు తెచ్చే సన్న గొట్టం మొదట్లో ఉన్న జాలీ రాత్రికి రాత్రి చెత్తతో మూసుకుపోయింది. ట్యాంకులో క్లోరిన్ సరిపడా ఉంది, సెన్సర్ దగ్గర మాత్రం నీళ్లు కదలట్లేదు. మెంబ్రేన్ రకం సెన్సర్ తన పొర గుండా లోపలికి వచ్చిన క్లోరిన్‌ను ఎలక్ట్రోడ్ దగ్గర ఖర్చు చేస్తూ, అప్పుడు పుట్టే కరెంటును బట్టి లెక్క చెబుతుంది, కొత్త నీళ్లు రాకపోతే ఉన్న కాస్తా అయిపోయి రీడింగ్ సున్నా వైపు జారిపోతుంది. అది చూసి క్లోరిన్ పోసే డోసింగ్ పంపు పాపం తన పని తాను చేసింది, పోస్తూనే ఉంది. తెల్లారి, క్లోరిన్ ఉంటే నీళ్లను గులాబీ రంగుకు మార్చే డీపీడీ కిట్‌తో చూస్తే సీసాలో గులాబీ రంగు ఇలా మెరిసి అలా మాయమైంది. క్లోరిన్ లేదనుకుని వదిలేసేవాళ్లమే, కానీ మరీ ఎక్కువైనా క్లోరిన్ ఆ రంగును తినేస్తుంది. క్లోరిన్ లేని నీళ్లు కలిపి పది రెట్లు పలచన చేశాక అసలు సంగతి బయటపడింది. ఆ నీళ్లు పైపుల్లోకి వెళ్లకుండా ఆపగలిగాం, అదృష్టం. నీళ్లు ఆగితే పంపు కూడా ఆగేలా ఒక ఫ్లో స్విచ్ కలిపి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

బిగించేటప్పుడు ఇంకో పొరపాటు, క్లోరిన్ పడే చోటికి ఆనుకునే శాంపిల్ తీయడం. కలవని నీళ్లు రీడింగును గంతులు వేయిస్తాయి, పంపు దాని వెంట పరిగెడుతుంది. పొర కింద చిన్న గాలి బుడగ చిక్కినా ఇదే తంతు.

పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె, దాని సంగతి సరే సరి. పీహెచ్ 7.5 దగ్గర, వేరేవాటితో కలిసిపోకుండా మిగిలిన ఫ్రీ క్లోరిన్‌లో దాదాపు సగం హైపోక్లోరస్ ఆమ్లంగా ఉంటుంది, క్రిములను గట్టిగా చంపేది అదే, 8.5కి వెళ్తే అది సుమారు పదో వంతుకు పడిపోతుంది. చాలా సెన్సర్లు ముఖ్యంగా ఆ ఆమ్లాన్నే పట్టుకుంటాయి కాబట్టి నీళ్లలో క్లోరిన్ అంతే ఉన్నా రీడింగ్ తగ్గుతుంది. పక్కన పీహెచ్ మీటర్ లేకుండా ఇలాంటిది కొనడం నా లెక్కలో సగం డబ్బు పారేసుకోవడమే.

కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంత చిన్న అంకె కొలిచే పరికరం 0.2 తప్పు చెబితే ఇంకేం మిగిలింది? అందుకే వారానికి ఒక్కసారైనా సెన్సర్ పక్కనుంచే నీళ్లు పట్టి, వెంటనే కిట్‌తో చూసి, రెండు అంకెలూ పోల్చాలి. సీసా మీద వేలిముద్రలు తుడవడం మరిచిపోతే కిట్ కూడా తప్పే చెబుతుంది. చాలా రోజులు క్లోరిన్ లేని నీళ్లలో వదిలేస్తే పొర మీద జిగట పాకుడు పడుతుంది, దాన్ని వేలితో రుద్దితే పొర పోతుంది. పొర, లోపలి ఎలక్ట్రోలైట్ ద్రవం మార్చాక కొన్ని గంటలు కుదురుకోనివ్వకుండా కాలిబ్రేట్ చేసేవాళ్లనూ, అంటే కిట్ అంకెకు తగ్గట్టు సెన్సర్ రీడింగును సరిచేసేవాళ్లనూ చూశాను, సాయంత్రానికి మళ్లీ మొదటికే!

మీ విలేకరులకు ఒక్క మనవి. ఈసారి ఏ ప్లాంటుకైనా వెళ్తే మెరిసే తెర ఫొటోతో సరిపెట్టుకోకండి, కాలిబ్రేషన్ పుస్తకం అడిగి చివరి తేదీ ఎప్పటిదో చూడండి, ఆ తేదీ కూడా వార్తలో వేయండి.

ఇట్లు,
ఒక ప్లాంటు ఆపరేటర్