జాబ్ మేళా పాంప్లెట్‌లో చేతికొచ్చే జీతం రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో రిక్రూట్‌మెంట్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. ఆపరేటర్లు, టెక్నీషియన్లు, క్వాలిటీ వాళ్లు, స్టోర్స్ వాళ్లు, అప్పుడప్పుడు ఇంజినీర్లు, ఇలా మనుషుల్ని వెతికి పనిలోకి తీసుకోవడమే నా ఉద్యోగం. జాబ్ మేళాల గురించి మీ పేపర్లో తరచూ వార్తలు వస్తుంటాయి. ఎంతమంది వచ్చారు, ఎంతమంది ఎంపికయ్యారు, ఆఫర్ లెటర్లు ఎవరి చేతుల మీదుగా ఇచ్చారు, అన్నీ ఉంటాయి. ఎంపికైన వాళ్లలో మొదటి జీతం చూసుకున్నాక కూడా పనిలో నిలబడింది ఎంతమందో మాత్రం ఉండదు. ఈ ఉత్తరం వాళ్ల గురించే.

నేను అడిగేది ఒక్కటే. ఉద్యోగ ప్రకటన పేపర్లో వచ్చినా, వాట్సాప్‌లో తిరిగినా, మేళాలో పాంప్లెట్‌గా పంచినా, నెలాఖరుకు బ్యాంకు ఖాతాలో పడే మొత్తం ఎంతో అందులో రాయాలి. 'ఆకర్షణీయమైన జీతం' అనో, 'రెండు లక్షల నలభై వేల ప్యాకేజీ' అనో రాసి వదిలేయకూడదు.

ప్యాకేజీ అంటే ఏమిటో ఒకసారి లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే పిల్లల్ని పంపే తల్లిదండ్రుల్లో చాలామందికి ఇది ఎవరూ విడమరిచి చెప్పరు. ఏడాదికి 2,40,000 అంటే నెలకు 20,000 అని ఇంట్లో అందరూ అనుకుంటారు. కానీ అందులో కంపెనీ కట్టే పీఎఫ్ ఉంటుంది. బేసిక్, డీఏ కలిపి 12,000 అనుకుంటే దాని మీద 12 శాతం, అంటే 1,440. ఉద్యోగుల వైద్య బీమా ఈఎస్ఐకి కంపెనీ కట్టేది 3.25 శాతం, అదో 535. గ్రాట్యుటీ కింద 577 పక్కన పెడతారు, మామూలుగా అది ఐదేళ్లు పనిచేస్తేనే చేతికొచ్చేది. ఏడాదికోసారి ఇచ్చే బోనస్‌ని నెలలకు పంచి ఇంకో 1,000 కలుపుతారు. ఇవన్నీ తీసేస్తే మిగిలే గ్రాస్, అంటే కోతలకు ముందు నెల జీతం, సుమారు 16,450. అక్కడితో అయిపోలేదు. ఇందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ మళ్లీ 1,440, ఈఎస్ఐ 0.75 శాతం కింద 124, ప్రొఫెషనల్ ట్యాక్స్ 150 పోతాయి. చివరికి ఖాతాలో పడేది 14,736. క్యాంటీన్‌కి, హాస్టల్‌కి కోత ఉంటే అదీ ఇందులోంచే. ఇరవై వేలని చెప్పి పంపిన ఇంట్లో, మొదటి నెల ఫోన్‌లో వచ్చిన మెసేజ్ చూసుకుని, మిగతా ఐదు వేలూ ఎవరో తినేశారనే అనుకుంటారు. అలా అనుకోవడంలో వాళ్ల తప్పేముంది?

పీఎఫ్, ఈఎస్ఐ వద్దని నేను అనడం లేదు, ఆ మాట గట్టిగా చెప్పాలి. 'మేడం, పీఎఫ్ కట్ చేయకుండా మొత్తం చేతికిచ్చే కంపెనీ ఏదైనా ఉందా' అని పిల్లలు అడుగుతుంటే మనసుకి కష్టంగా ఉంటుంది. ఆ డబ్బు వాళ్లదే, పీఎఫ్ ఖాతాకి ఇచ్చే యూఏఎన్ నంబర్‌తో ఏ కంపెనీకి మారినా వెంట వస్తుంది. ఈఎస్ఐ కార్డుంటే అమ్మానాన్నలకు కూడా వైద్యం దొరికే వీలుంది, తిరుపతిలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. ఇవి మంచి విషయాలు. మంచి విషయాన్ని ముందే విప్పి చెబితే ఒప్పుకుని వస్తారు, దాచిపెట్టి తర్వాత కోస్తే దొంగలెక్కలా కనిపిస్తుంది.

ఈ ప్యాకేజీ లెక్క సాఫ్ట్‌వేర్ వాళ్ల క్యాంపస్ ఇంటర్వ్యూల నుంచి మన దాకా వచ్చింది. అక్కడ దానికి ఏ అర్థముందో గానీ, నెలనెలా చీటీ, డ్వాక్రా వాయిదా, గ్యాస్ బండ, తమ్ముడి ఫీజు చూసుకునే ఇంటికి సంవత్సరం లెక్క దేనికి పనికొస్తుంది? ఆ ఇంటికి కావాల్సింది నెలలో ఏ తారీఖున ఎంత పడుతుందన్నది.

మొన్నొక మేళాలో కార్వేటినగరం వైపు నుంచి ఒక పెద్దాయన కూతుర్ని తీసుకుని వచ్చారు. పాప డిప్లొమా చదివింది, ఇంటర్వ్యూలో చక్కగా మాట్లాడింది. ఆయన పక్కనే నిలబడి అంతా విని, పాంప్లెట్ వెనక్కి తిప్పి, జేబులోంచి పెన్ను తీసి నా ముందు పెట్టారు. 'మేడం, పాపకి చేతికెంతొస్తాదో ఇక్కడ రాసీండి. బస్సు యాడ నిలుస్తాదో అది కూడా రాసీండి' అన్నారు. రాసి, లెక్క చెప్పాను. ఆయన చాలాసేపు ఆ కాగితం వైపు చూసి, 'ఇంతైతే సరిపోతాదిలే, కానీ బస్సు పుత్తూరులోనే కదా' అన్నారు. ఉదయం షిఫ్ట్ ఆరింటికి మొదలంటే పుత్తూరులో బస్సు తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో ఎక్కాలి. ఆ వేళకి వాళ్ల ఊరి నుంచి పుత్తూరు రావడానికి బస్సు లేదు. రోజూ ఆయనే బండి మీద దింపాలి, లేదంటే పాప తిరుపతిలో హాస్టల్లో ఉండాలి. హాస్టల్ అంటే ఇంకో నాలుగైదు వేలు. అప్పుడు ఆ 14,736లో ఇంటికి పంపేదెంత? తండ్రీకూతుళ్లు అరుగు మీద కూర్చుని మాట్లాడుకుని, ఈసారికి వద్దులెండి అని చెప్పి వెళ్లిపోయారు. నాకు ఒక మంచి అమ్మాయి తగ్గింది, నిజమే. కానీ ఆ లెక్క వాళ్లు ముందే వేసుకున్నారు కాబట్టి, మూడు వారాలు హాస్టల్ అడ్వాన్సు, దుప్పట్లు, బకెట్లు కొనుక్కుని, ఆరోగ్యం పాడుచేసుకుని వెనక్కి వెళ్లే పరిస్థితి రాలేదు. ఆ వివరాలు పాంప్లెట్ ముందు వైపే అచ్చయి ఉంటే వాళ్లకి ఆ రోజు కూలి, బస్ చార్జీలు కూడా మిగిలేవి.

జీతంతో పాటు ప్రకటనలో దాచేవి ఇంకా ఉన్నాయి. ఓటీ (అదనపు గంటల పనికిచ్చే డబ్బు), హాజరు బోనస్ రెండూ కలిపి జీతం చూపిస్తారు. నెలలో ఒక్క రోజు జ్వరం వచ్చి మానేసినా హాజరు బోనస్ పోతుందని ఎక్కడా ఉండదు. గేటు మీద ఒక కంపెనీ పేరుంటుంది, చేతికిచ్చే కాగితం మీద ఏదో కాంట్రాక్టర్ పేరుంటుంది. కంపెనీయే నేరుగా తీసుకుంటే ఆన్ రోల్, కాంట్రాక్టర్ ద్వారా తీసుకుంటే ఆఫ్ రోల్ అని మా భాషలో అంటాం. ఆఫ్ రోల్ కాబట్టి హక్కులుండవని కాదు, కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే ఇవ్వాలని చట్టంలోనే ఉంది. కానీ తను ఎవరి రోల్‌లో చేరుతున్నాడో ఆ పిల్లాడికి తెలియాలి కదా. ట్రైనీ అని తీసుకుంటే ట్రైనింగ్ ఎన్ని నెలలు, అప్రెంటిస్‌గా తీసుకుంటే ఇచ్చేది జీతం కాదు స్టైపెండ్ అని, అయిపోయాక ఉద్యోగం ఇస్తారో లేదో అని, ఇవీ చెప్పాలి. ఐటీఐ పిల్లలు అప్రెంటిస్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టి, పర్మనెంట్ ఉద్యోగం వచ్చిందని ఇంట్లో స్వీట్లు పంచుతారు. వాళ్లకు నిజం తెలిసేసరికి ఆరు నెలలు గడిచిపోతాయి.

కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి, ప్రతి ఉద్యోగికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాల్సిందే అని అందులో ఉంది. చాలా మంచిది. కానీ ఆ లెటర్ చేతికొచ్చేది ఊరు వదిలి, ఉన్న పని మానేసి వచ్చాక. కుప్పం వైపు పిల్లలు రైలెక్కి బెంగళూరులో ఏదో ఒక పని చేసుకుంటుంటారు, నగరి, సత్యవేడు వైపు వాళ్లు చెన్నై, శ్రీపెరంబుదూరు పోతుంటారు. సొంత ప్రాంతంలో ఉద్యోగమని ఆశపడి అక్కడ మానేసి వస్తే, ఇక్కడ చెప్పింది ఒకటి ఇచ్చింది ఒకటి అయితే, మళ్లీ అదే రైలెక్కి వెళ్లిపోతారు. ఈసారి ఊళ్లో ఇంకో పదిమందికి చెప్పి మరీ వెళ్తారు. శ్రీసిటీ నుంచి ఏర్పేడు దాకా ఇన్ని ఫ్యాక్టరీలు వచ్చాక కూడా 'మనవాళ్లు పనిలో నిలబడరు, బయటి రాష్ట్రాల వాళ్లని తెచ్చుకోవాల్సిందే' అని మీటింగుల్లో అంటుంటే నాకు కోపం వస్తుంది. గంగ జాతరకి రెండు రోజులు మానేస్తారని ఫిర్యాదు చేస్తారు, అది ముందే తెలిసిన విషయం, షిఫ్టులు సర్దుకోవచ్చు. జీతం విషయంలో మాట తప్పితే మాత్రం ఏ షిఫ్టులు సర్దినా మనిషి ఆగడు.

నా తోటి హెచ్ఆర్ వాళ్లు దీనికి చెప్పే జవాబు నాకు తెలుసు. 'నిజం రాస్తే స్టాల్ దగ్గరికి ఎవరూ రారు, పక్క స్టాల్ వాడు ఇరవై అని రాస్తాడు, అందరూ అక్కడికే పోతారు.' వాళ్ల మీద ఒత్తిడి ఉంది, కాదనను. నెలకి ఇంతమందిని చేర్చాలని టార్గెట్ పెడతారు, చేర్చిన లెక్కే చూస్తారు గానీ నిలిచిన లెక్క చూడరు. కానీ చేరిన మనిషి నెల తిరక్కుండా వెళ్లిపోతే మెడికల్ టెస్ట్, యూనిఫాం, షూ, ట్రైనింగ్, లైన్ మీద నేర్పిన సీనియర్ సమయం, అన్నీ పోయినట్టే, మళ్లీ ఇంకొకరిని వెతకాలి. మా దగ్గర చేతికొచ్చే జీతం, షిఫ్టులు, బస్సు ఆగే చోట్లు ముందే చెప్పడం మొదలుపెట్టాక ఇంటర్వ్యూకి వచ్చే వాళ్లు తగ్గారు, చేరిన వాళ్లు మాత్రం నిలబడుతున్నారు. పక్క స్టాల్ వాడి భయం పోవాలంటే అందరూ ఒకేసారి రాయాలి. అందుకే ఇది ఒక కంపెనీ మంచితనానికి వదిలేసే విషయం కాదు, మేళా పెట్టేవాళ్లే రూల్ పెట్టాలి. స్టాల్ కావాలంటే చేతికొచ్చే మొత్తం, ఎవరి రోల్, షిఫ్ట్ వేళలు, బస్సు రూట్, ట్రైనింగ్ ఎన్నాళ్లు, ఈ ఐదూ తెలుగులో రాసి బోర్డు పెట్టాలి, లేకపోతే స్టాల్ లేదు. ఉపాధి కార్యాలయం వాళ్లకీ, స్కిల్ డెవలప్‌మెంట్ వాళ్లకీ, ప్లేస్‌మెంట్లు చూసే కాలేజీలకీ ఇదేమంత కష్టం కాదు, ఒక్క పేజీ ఫారం చాలు.

ఇంకో మాట, ఇది పిల్లల కోసం. ఉద్యోగం ఇప్పిస్తామని రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్, ఇంటర్వ్యూ స్లాట్ అని ఎవరు డబ్బు అడిగినా ఒక్క రూపాయి కూడా పంపొద్దు. ఆన్‌లైన్‌లో పంపేసి మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్స్ మాత్రం ఎవరి దగ్గరా వదిలిపెట్టొద్దు.

ఎడిటర్ గారూ, మీ పేపర్ కూడా ఒక పని చేయగలదు. క్లాసిఫైడ్స్‌లో ఉద్యోగ ప్రకటన ఇచ్చేవాళ్ల దగ్గర చేతికొచ్చే జీతం ఎంత అన్న ఒక్క వివరం అడిగి తీసుకుని, అది ఇవ్వని ప్రకటన వేయకండి. మేళా వార్త రాసే మీ విలేకరులు ఎంపికైన వాళ్ల లెక్కతో ఆపకుండా, మూడు నెలల తర్వాత అదే కంపెనీలకు ఫోన్ చేసి ఎంతమంది ఉన్నారని అడగండి. మా కంపెనీకి కూడా చేయండి, నేను చెబుతాను.

ఇట్లు,
ఒక రిక్రూట్‌మెంట్ మేనేజర్,
రేణిగుంట, తిరుపతి జిల్లా